డొమినిక్ కింగ్ ఫోన్ ఎత్తకూడదు

బ్రిటన్‌లో ఐటీవీ ఛానల్ 2011 జనవరిలో ‘కిడ్నాప్ అండ్ రాన్సమ్’ అనే మూడు భాగాల థ్రిల్లర్ వేసింది. రాన్సమ్ అంటే బందీని విడిపించుకోవడానికి ఇచ్చే సొమ్ము. అందులో హీరో డొమినిక్ కింగ్ పోలీసు కాదు, గూఢచారి కాదు. విదేశంలో కిడ్నాపైన మనుషుల కోసం బేరమాడి, డబ్బిచ్చి, ఇంటికి తీసుకురావడం అతని వృత్తి. ‘వేకింగ్ ద డెడ్’లో ఏళ్ల తరబడి కోపిష్టి డిటెక్టివ్‌గా కనిపించిన ట్రెవర్ ఈవ్ ఈ పాత్రకు వచ్చేసరికి గొంతు బాగా తగ్గించాడు. 2012లో రెండో సీజన్ వచ్చింది. అదీ మూడు భాగాలే. కథ కశ్మీర్‌కు మారింది. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

సీరియల్‌గా చూస్తే మంచిదే కానీ గొప్పదేమీ కాదు. హీరో ఇంటి గొడవలు వచ్చినప్పుడల్లా నా చెయ్యి రిమోట్ మీదికి పోయింది. అయితే అది చూపించిన వ్యాపారం మాత్రం చాలా విచిత్రమైనది. చూసినవాళ్లకు కొన్ని సందేహాలు తప్పకుండా వస్తాయి. ఇలాంటి ఉద్యోగం నిజంగా ఉందా? నేరస్థులకు డబ్బు చేరవేసే మనిషిని ప్రభుత్వం ఎందుకు అరెస్టు చేయదు? ప్రాణం పోయే పరిస్థితిలో రూపాయి రూపాయికీ బేరమాడటమేంటి, అడిగింది పడేసి మనిషిని తెచ్చుకోవచ్చు కదా?

మూడో ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా రెండూ వాటంతటవే తేలిపోతాయి. దానికంటే ముందు ఒక చిక్కు విప్పాలి. సినిమాలూ సీరియళ్లూ ‘హోస్టేజ్ నెగోషియేటర్’ (బందీల కోసం బేరమాడేవాడు) అని ఒకే ముద్ర వేసి రెండు వేర్వేరు పనులను కలిపేస్తాయి.

మొదటిది ముట్టడి. దుండగులు బందీలతో ఒక చోట ఉన్నారు, ఆ చోటు పోలీసులకు తెలుసు, చుట్టూ మోహరించారు. రెండోది కిడ్నాప్. బందీ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ముట్టడిలో కాలం పోలీసుల పక్షం. కరెంటు, తిండి, నీళ్లు, బయటికి దారి అన్నీ వాళ్ల చేతిలోనే ఉంటాయి. కిడ్నాప్‌లో అంతా తలకిందులు. ఎప్పుడు ఫోన్ చేయాలో, ఎప్పుడు మాయమైపోవాలో నిర్ణయించేది అవతలివాడు. ఇవతలివాళ్ల దగ్గరున్నది డబ్బు ఒక్కటే. వాడికి కావలసిందీ అదే.

పోలీసు నెగోషియేటర్ అనే వృత్తి ముట్టడుల నుంచి పుట్టింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పాలస్తీనా సాయుధుల దాడిలో 11 మంది ఇజ్రాయెల్ క్రీడాకారులు, కోచ్‌లు ప్రాణాలు కోల్పోయాక, తుపాకులతో దూకడం కంటే మాట్లాడి అలసిపోయేలా చేయడం మేలన్న ఆలోచన బలపడింది. న్యూయార్క్ పోలీసులు 1973లో దాని కోసం ప్రత్యేక బృందాన్నే పెట్టారు. లండన్‌కు ఆ పరీక్ష 1975లో వచ్చింది. సెప్టెంబర్ చివర్లో నైట్స్‌బ్రిడ్జ్‌లోని స్పఘెట్టి హౌస్ రెస్టారెంట్‌ను దోచుకోవడానికి వచ్చిన ముగ్గురు సాయుధులు, పని చెడిపోవడంతో ఇటాలియన్ సిబ్బందిని నేలమాళిగలోకి తోసి తలుపులు వేసుకున్నారు. పోలీసులు లోపలికి దూసుకెళ్లలేదు. ఆరో రోజున దుండగులే బయటికొచ్చారు. ఒక్క బందీ ప్రాణం కూడా పోలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో బాల్కూమ్ స్ట్రీట్‌లో ఐరిష్ సాయుధ సంస్థ ఐఆర్ఏ మనుషులు ఒక జంటను వాళ్ల ఫ్లాట్‌లోనే బంధించినప్పుడూ ఇదే పద్ధతి పనిచేసింది.

1980లో లండన్‌లోని ఇరాన్ ఎంబసీని ఆరుగురు సాయుధులు పట్టుకుని 26 మందిని బంధించినప్పుడు మాత్రం ఈ వృత్తి రెండో ముఖం కనిపించింది. ఆరో రోజు వాళ్లు ఒక బందీని చంపి శవాన్ని బయట పడేశారు. బ్రిటిష్ సైన్యంలోని ప్రత్యేక దళం ఎస్ఏఎస్ కమాండోలు లోపలికి దూకడానికి సిద్ధమవుతుంటే పోలీసు నెగోషియేటర్ దుండగుల నాయకుడిని ఫోన్‌లో మాటల్లో పెట్టి కూర్చోబెట్టాడు. అంటే ముట్టడిలో మాట్లాడేవాడి వెనక ఎప్పుడూ తుపాకీ ఉంటుంది. మాట ఫలించకపోతే తుపాకీకి సమయం సంపాదించి పెట్టడం కూడా అతని ఉద్యోగంలో భాగమే.

డొమినిక్ కింగ్ వెనక ఆ తుపాకీ లేదు. అతనిది రెండో రకం పని, దాని మూలం పోలీసు స్టేషన్‌లో లేదు, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉంది.

1932లో అమెరికాలో ప్రఖ్యాత పైలట్ చార్లెస్ లిండ్‌బర్గ్ పసికందును ఎత్తుకుపోయారు. 50 వేల డాలర్లు ముట్టజెప్పారు. బిడ్డ శవమే దొరికింది. డబ్బున్న కుటుంబాలు వణికిపోయాయి, లండన్‌లోని లాయిడ్స్ ఇన్సూరెన్స్ మార్కెట్‌లో కిడ్నాప్ పాలసీలు అప్పుడే మొదలయ్యాయి. నలభై ఏళ్లపాటు అదొక మూలనపడ్డ వ్యాపారం. 1970లలో ఒక్కసారిగా ఊపందుకుంది. 1973లో ఇటలీలో చమురు కుబేరుడు గెట్టి మనవణ్ని ఎత్తుకెళ్లారు. తాత మొదట పైసా ఇవ్వనన్నాడు. ఒకరికి ఇస్తే మిగతా మనవలందరినీ ఎత్తుకెళ్తారన్నది ఆయన వాదన. చివరికి కుర్రాడి చెవి కోసి పంపాక బేరం కుదిరింది. 1974లో అర్జెంటీనాలో మోంటొనెరో గెరిల్లాలు బోర్న్ అనే ధాన్యం వ్యాపార కుటుంబంలోని అన్నదమ్ములిద్దర్ని పట్టుకుని 6 కోట్ల డాలర్లు రాబట్టారు.

ఇలాంటి చెల్లింపులు రెండు జరిగితే ఏ ఇన్సూరెన్స్ కంపెనీ అయినా మునుగుతుంది. అందుకని 1975లో లండన్‌లో ఒక బీమా బ్రోకర్ సంస్థ నీడన కంట్రోల్ రిస్క్స్ పుట్టింది. అందులో చేరినవాళ్లలో మాజీ ఎస్ఏఎస్ అధికారులు ఎక్కువ. కిడ్నాప్ జరగ్గానే విమానమెక్కి వెళ్లి, బాధిత కుటుంబం పక్కన కూర్చుని సలహా చెప్పడం వాళ్ల పని. 1977లో ఆ సంస్థ మనుషులు ఇద్దర్ని కొలంబియాలో అరెస్టు చేసి కొన్ని వారాలు జైల్లో పెట్టారు కూడా. డొమినిక్ కింగ్ వంశవృక్షం ఇదే.

ఇప్పుడు మూడో ప్రశ్న. అడిగిన డబ్బు వెంటనే ఇచ్చేస్తే ఏమవుతుంది?

అవతలివాడి వైపు నుంచి చూడండి. తన చేతిలో ఉన్న మనిషి ‘ధర’ ఎంతో అతనికి తెలియదు. కుటుంబం దగ్గర ఎంత ఉందో, కంపెనీ ఎంత దాకా వస్తుందో తెలియదు. అందుకే మొదట ఆకాశాన్నంటే అంకె చెప్తాడు. చీరల కొట్లో చెప్పిన ధరకు వెంటనే సరేనంటే కొట్టువాడి మొహంలో సంతోషం కాదు, ఇంకాస్త చెప్పాల్సిందే అన్న బాధ కనిపిస్తుంది. కిడ్నాపర్‌కు ఆ బాధ వస్తే సరిదిద్దుకునే అవకాశం కూడా ఉంది. సరుకు ఇంకా అతని దగ్గరే ఉంది కదా. అందిన డబ్బును మొదటి వాయిదా అనేసి రెండోది అడుగుతాడు. త్వరగా, ఎక్కువగా చెల్లించిన కుటుంబాలకు తరచూ ఎదురయ్యే ముప్పు ఇదే. పైగా ఆ అంకె ఆ ప్రాంతమంతా పాకుతుంది. తర్వాతి బందీ ధర అక్కణ్నుంచి మొదలవుతుంది.

కాబట్టి సలహాదారు మొదటి లక్ష్యం బందీని రేపే తీసుకురావడం కాదు. ఇంతకు మించి పిండితే రాదు అని కిడ్నాపర్‌ను నమ్మించడం. ఆ నమ్మకం మాటలతో రాదు, అంకెలతో వస్తుంది. మొదటి ఆఫర్ తక్కువగా ఉండాలి, అయితే అవమానించేలా ఉండకూడదు. తర్వాత పెంచే ప్రతి మొత్తం ముందు పెంచిన దానికంటే చిన్నదై ఉండాలి. ఊహకు ఒక ఉదాహరణ: అడిగింది 50 లక్షల డాలర్లు. ఇవతలి నుంచి మొదట లక్ష, తర్వాత లక్షా 40 వేలు, తర్వాత లక్షా 62 వేలు, ఆ తర్వాత లక్షా 71 వేల 500. ఈ వరుస చూస్తే ఎవరికైనా కుండ అడుగు కనబడుతుంది. ఆ చివరి 500కి కూడా అర్థముంది. గుండ్రటి అంకె చెబితే జేబులో ఇంకా ఉందనిపిస్తుంది. చిల్లరతో కూడిన అంకె చెబితే అమ్మాల్సినవన్నీ అమ్మేసి ఊడ్చి తెచ్చారనిపిస్తుంది.

ఈ క్రమానికి వారాలు పడతాయి, కొన్నిసార్లు నెలలు. ఇంట్లోవాళ్లకు అది నరకం. ‘మా అబ్బాయి ప్రాణంతో బేరమాడతారా’ అని సలహాదారు మీద విరుచుకుపడతారు. వాళ్లను ఆ అంకెల దారిలో నిలబెట్టడం కిడ్నాపర్‌తో మాట్లాడటం కంటే కష్టమైన పని. మూడు భాగాల్లో మొత్తం తేల్చాల్సిన సీరియల్‌కు ఇంత ఓపిక ఉండదు. నిజమైన కిడ్నాప్‌లో ఎక్కువ రోజులు ఏమీ జరగదు. ఫోన్ మోగదు. మోగకపోవడం కూడా అవతలివాడి ఎత్తుగడే అని తెలిసినా, టెన్షన్ ఆగదు.

ఆ ఫోన్ దగ్గరే సీరియల్‌కూ వాస్తవానికీ పెద్ద తేడా. తెర మీద డొమినిక్ కింగ్ స్వయంగా కిడ్నాపర్లతో మాట్లాడతాడు. అతని గొంతు మీదే డ్రామా అంతా నడుస్తుంది. నిజానికి లండన్ నుంచి వచ్చిన సలహాదారు సాధారణంగా ఫోన్ ముట్టుకోడు. మాట్లాడేది కుటుంబం నుంచో, కంపెనీ నుంచో ఎంచుకున్న ఒక స్థానికుడు. అతని ఎదురుగా గోడ మీద చెప్పాల్సినవీ చెప్పకూడనివీ రాసిన కాగితాలుంటాయి, పక్కన సలహాదారు చీటీలు అందిస్తుంటాడు. దీనికి కారణాలు గట్టివే. ఇంగ్లిష్ యాస వినబడితే వెనక విదేశీ కంపెనీ, ఇన్సూరెన్స్ ఉన్నాయని అవతలివాడికి అర్థమైపోతుంది, ధర అమాంతం పెరుగుతుంది. ఇంకొకటి, మాట్లాడేవాడికి నిర్ణయం తీసుకునే అధికారం ఉండకూడదు. ‘అడిగి చెప్తాను’ అనే మాటకు అక్కడ చాలా విలువ. డబ్బు మీద అధికారమున్న తండ్రే ఫోన్ ఎత్తితే, కొడుకు అరుపు వినిపించిన మరుక్షణం సరే అనేస్తాడు.

బందీ బతికే ఉన్నాడన్న రుజువు విషయంలో మాత్రం సీరియల్ దారి నిజానికి దగ్గరే. ఫొటో చాలదు, గొంతు చాలదు. చిన్నప్పుడు కుక్కపిల్లకు పెట్టిన పేరేంటి లాంటి, బందీ తప్ప వేరెవరూ చెప్పలేని ప్రశ్న అడుగుతారు. జవాబు రానిదే డబ్బు కదలదు.

ఆ డబ్బు కదిలే ఘట్టం దగ్గర తొలి సీజన్ కథ మలుపు తిరుగుతుంది. దక్షిణాఫ్రికాలో కిడ్నాపైన బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్తను అప్పగించే సమయంలో వ్యవహారం చెడిపోతుంది, ఆమె ఇంకొకరి చేతుల్లో పడుతుంది. జాన్ హన్నా వేసిన విలన్ అప్పుడే రంగం మీదికొస్తాడు. ఇటు డబ్బు, అటు మనిషి, ఒకే చోట మార్పిడి అనేది తెరకు బాగుంటుంది కానీ ఈ వృత్తిలో దాన్ని వీలైనంత తప్పిస్తారు. తుపాకులున్న రెండు పక్షాలు ఒకచోట చేరితే ఎవరి చెయ్యి వణికినా అంతే. అందుకే మామూలుగా డబ్బు ముందు వెళ్తుంది, మనిషి తర్వాత వస్తాడు, కొన్ని గంటలకో మర్నాడో. నేరస్థుణ్ని నమ్మి డబ్బు ముందే ఇవ్వడం పిచ్చితనంలా కనిపించవచ్చు. కానీ ఇదే వ్యాపారంగా బతికే ముఠా డబ్బు తీసుకుని మనిషిని చంపితే, తర్వాతి కుటుంబం ఎందుకు చెల్లిస్తుంది? మాట నిలబెట్టుకోవడం వాళ్లకూ లాభమే.

సోమాలియా సముద్ర దొంగల దగ్గర ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరింది. 2008 నవంబర్‌లో పట్టుబడ్డ సౌదీ చమురు నౌక సిరియస్ స్టార్‌కు 2009 జనవరిలో డబ్బును విమానంలోంచి పారాచూట్ కట్టి జారవిడిచారు. అమెరికా నేవీ ఆ ఫొటో కూడా విడుదల చేసింది. వాటా పంచుకుని వెళ్తుంటే పడవ తిరగబడి కొందరు దొంగలు మునిగిపోయారని వార్తలొచ్చాయి. సీరియల్ వచ్చిన 2011లోనే మే నెలలో మొగదిషు విమానాశ్రయంలో 36 లక్షల డాలర్ల నగదుతో కొందరు విదేశీయులు పట్టుబడ్డారు, వారిలో బ్రిటిష్ పౌరులూ ఉన్నారు. స్థానిక కోర్టు పదేళ్లు, పదిహేనేళ్లు శిక్షలు వేసింది, కొద్ది రోజులకే క్షమాభిక్ష దొరికింది. డబ్బు మోసేవాడికి దొంగల భయం ఒక్కటే కాదన్నమాట.

ఇక్కడ ఇన్సూరెన్స్ మీద వచ్చే మామూలు విమర్శ ఒకటుంది. బీమా ఉందని తెలిస్తే కిడ్నాప్‌లు పెరగవా? ఆ పాలసీల నిబంధనలు చూస్తే, ఈ భయం వాటిని రాసినవాళ్లకే ఎక్కువగా ఉన్నట్టు తెలుస్తుంది. పాలసీ ఉన్న సంగతి ఎవరికీ చెప్పకూడదు, బయటపెడితే అది రద్దు కావచ్చు. కంపెనీలు తమ ఉద్యోగుల పేరిట తీసుకున్నా చాలాసార్లు ఆ ఉద్యోగులకే తెలియదు. అన్నిటికంటే తెలివైన నిబంధన, ఇన్సూరెన్స్ కంపెనీ రాన్సమ్‌ను ముందుగా ఇవ్వదు. కుటుంబమో యజమానో సొంతంగా సమకూర్చి చెల్లించాక, పాలసీ పరిమితి మేరకు తిరిగి చెల్లిస్తుంది. అందువల్ల ‘డబ్బు ఇంకా పోగవుతోంది’ అని ఫోన్‌లో చెప్పే మాట నటన కాదు, నిజం. గొంతులో నిజం ఉంటే అవతలికి అందుతుంది.

చట్టం సంగతికొస్తే, బ్రిటన్‌లో మామూలు నేరస్థులకు రాన్సమ్ చెల్లించడం నేరం కాదు. ఈ సీరియల్ ప్రసారమైన 2011 జనవరిలోనే ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు ఇదే విషయాన్ని తేల్చింది. 2008లో సోమాలియా దొంగలు పట్టుకున్న ఒక మలేషియా నౌకలో సరుకు యజమాని, సరుకు పూర్తిగా పోయినట్టే లెక్క కాబట్టి బీమా సొమ్ము మొత్తం ఇవ్వమన్నాడు. రాన్సమ్ ఇచ్చి విడిపించుకోవచ్చు కదా అంటే, అది ప్రజాహితానికి విరుద్ధమైన పని, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. డబ్బిచ్చి విడిపించుకోవడం చట్టవిరుద్ధం కాదంది. ఇటలీ దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో వెళ్లింది. 1991లో బందీ కుటుంబం ఆస్తులను స్తంభింపజేసే చట్టం చేసింది, చెల్లించడానికి చేతిలో డబ్బే లేకుండా. కాగితం మీద బాగుంది. కొడుకు కిడ్నాపైన తల్లి ముందుగా ఎవరి దగ్గర ఆ సంగతి దాస్తుంది? పోలీసుల దగ్గర.

బందీని పట్టుకున్నది ఉగ్రవాద సంస్థ అయితే మాత్రం కథ మారుతుంది. వాళ్లకు డబ్బు చేరవేయడం బ్రిటన్‌లో 2000 నాటి టెర్రరిజం చట్టం కింద నేరం. బ్రిటిష్ ప్రభుత్వం తాను కూడా చెల్లించదు. ఈ విధానం మీద నాకు తేలిగ్గా ఒక అభిప్రాయం రావడం లేదు. 2014లో సిరియాలో ఐసిస్ చెరలో కలిసి ఉన్న బందీల్లో పలువురు యూరోపియన్లు బతికి బయటపడ్డారు, వాళ్ల కోసం డబ్బు చెల్లించారని వార్తలొచ్చాయి. బ్రిటిష్, అమెరికన్ బందీల్లో పలువురిని కెమెరా ముందు చంపారు. డబ్బివ్వకపోతే కిడ్నాప్‌లు తగ్గుతాయన్న వాదనలో బలముంది. ఆ బలం మోయాల్సి వచ్చింది మాత్రం ఆ కుటుంబాలు.

రెండో సీజన్ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇందుకే. డొమినిక్ కింగ్ శ్రీనగర్ వస్తాడు, పర్యాటకుల బస్సు ఒకటి సాయుధుల వశమవుతుంది. రచయితలు తెలిసి చేశారో తెలియక చేశారో కానీ, ఇక్కడ కిడ్నాప్ కథ ముట్టడి కథగా మారిపోయింది. బస్సు ఎక్కడుందో అందరికీ తెలుసు. పోలీసులు, ప్రభుత్వం, పత్రికలు వచ్చేస్తాయి. రహస్యం, నెమ్మది, చిల్లర అంకెలు అనే అతని మూడు పనిముట్లూ పనికిరాకుండా పోతాయి. లండన్ నుంచి వచ్చిన ప్రైవేటు మనిషికి అక్కడ కుర్చీయే లేదు.

కశ్మీర్ నిజ చరిత్ర చూసినా ఇంతే. 1995లో అల్ ఫరాన్ పేరుతో వచ్చిన ముఠా పహల్‌గామ్ పరిసరాల్లో ఆరుగురు విదేశీ పర్యాటకులను ఎత్తుకెళ్లింది. ఇద్దరు బ్రిటిష్‌వాళ్లు. ఒక అమెరికన్ తప్పించుకున్నాడు, నార్వే యువకుణ్ని చంపేశారు, మిగతా నలుగురు ఇప్పటికీ దొరకలేదు. వాళ్లడిగింది జైల్లో ఉన్న మసూద్ అజర్ లాంటివాళ్ల విడుదల. నాలుగేళ్ల తర్వాత 1999 డిసెంబర్‌లో ఐసీ-814 విమానం హైజాక్‌లో అదే పేరు మళ్లీ వచ్చింది. కందహార్‌లో హైజాకర్లు మొదట అడిగింది 36 మంది ఖైదీలు, 20 కోట్ల డాలర్లు, చనిపోయిన ఒక మిలిటెంట్ శవపేటిక. బేరం ముగిసేసరికి డబ్బు, శవపేటిక పోయాయి, 36 కాస్తా ముగ్గురయ్యారు. అంకెల మీద చూస్తే ఏ లండన్ సలహాదారుడైనా మెచ్చుకునే ఫలితం. ఆ ముగ్గురిలో మసూద్ అజర్ ఉన్నాడు, బయటికెళ్లి జైషే మహమ్మద్ పెట్టాడు. డబ్బును బేరంలో సగానికి సగం తగ్గించవచ్చు. ఖైదీ దగ్గర ఆ లెక్క పనిచేయదు, ఒక్కడు చాలు.

తెలుగు నేల మీద ఈ పని ఇంకో రూపంలో జరిగింది. 1987 డిసెంబర్‌లో తూర్పుగోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర పీపుల్స్ వార్ నక్సలైట్లు ఎస్.ఆర్. శంకరన్ సహా పలువురు ఐఏఎస్ అధికారులను పట్టుకుని, జైల్లో ఉన్న తమవాళ్లు విడుదలయ్యాకే వదిలారు. 2011 ఫిబ్రవరిలో, అంటే డొమినిక్ కింగ్ తెర మీదికొచ్చిన మరుసటి నెలలో, ఒడిశాలో మల్కన్‌గిరి కలెక్టరుగా ఉన్న తెలుగువాడు ఆర్. వినీల్ కృష్ణను మావోయిస్టులు తీసుకెళ్లారు. మధ్యవర్తులుగా వెళ్లినవాళ్లలో పౌరహక్కుల నాయకుడు ప్రొఫెసర్ హరగోపాల్ ఒకరు. ఎనిమిది రోజుల్లో కలెక్టర్ బయటికొచ్చారు. మరుసటి ఏడాది ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా కలెక్టర్ కిడ్నాప్‌లోనూ ఆయనే మళ్లీ కూర్చున్నారు. ఈ మధ్యవర్తికి ఫీజు లేదు, పాలసీ లేదు, రహస్యం అసలే లేదు. బయట టీవీ కెమెరాలు వరుసకట్టి ఉంటాయి. అతన్ని ఎంచుకునేది బాధితుల పక్షం కాదు, చాలాసార్లు అవతలి పక్షమే పేరు చెబుతుంది. లండన్ మనిషి బలం తానెవరో తెలియకపోవడంలో ఉంటే, ఈయన బలం తానెవరో ఇద్దరికీ తెలియడంలో ఉంది.

సీరియల్ ఆగిపోయిన మూడేళ్లకు, 2015లో, బ్రిటన్ తన చట్టంలో ఇంకో బోల్టు బిగించింది. ఉగ్రవాదులకు చెల్లించిన రాన్సమ్ అని తెలిసీ, లేదా అలా అనుమానించడానికి తగిన కారణం ఉండీ, ఆ సొమ్మును పాలసీదారుకు తిరిగి చెల్లించే ఇన్సూరెన్స్ కంపెనీ నేరం చేసినట్టే. రెండో సీజన్ కథ ఇవాళ రాస్తే డొమినిక్ కింగ్ శ్రీనగర్ విమానం ఎక్కే ముందే లండన్‌లో ఒక లాయర్ అతన్ని కూర్చోబెట్టి అడుగుతాడు: బస్సులో ఉన్నవాళ్లు దొంగలా, ఉగ్రవాదులా? ఫోన్ ఇంకా మోగనే లేదు కాబట్టి ఆ ప్రశ్నకు అతని దగ్గర జవాబుండదు, జవాబు లేనిదే కంపెనీ సంతకం పెట్టదు.